నాడి ఎనభై దాటితే

బడి కమిటీ సమావేశంలో మాట్లాడాలంటే మణికట్టుకు పట్టీ కట్టాలి. నాడి ఎనభై దాటితే మైకు ఆగిపోతుంది. మర్యాద కోసం పెట్టిన రూలు. మైకులో పూర్తిగా చెప్పిన ఫిర్యాదు మీద మర్నాడే చర్య తీసుకోవాలి. ఐదేళ్లలో ఒక్కటీ పూర్తి కాలేదు.

పైడమ్మ కూతురు మూడో తరగతి. ఆ గది శ్లాబు పెచ్చులూడి పిల్లల మీద పడుతోంది. పైడమ్మ పట్టీ కట్టుకోగానే నూట పది చూపింది.

"శాంతంగా రావాలమ్మా," అన్నాడు గుమాస్తా.

"గుండె కొట్టుకోకపోతే నానెందుకొత్తాను బావూ?"

బయటికెళ్లి మజ్జిగ తాగి వచ్చింది. నూట ఎనిమిది. ఆ శ్లాబు వేసిన కాంట్రాక్టరు కట్టుకుంటే అరవై రెండు. బడి భేషుగ్గా ఉందని చెప్పి కూర్చున్నాడు.

అధ్యక్షుడు చినసత్యం కుర్చీలో గురక పెడుతున్నాడు. పైడమ్మ పట్టీ తీసుకెళ్లి ఆయన చేతికి కట్టింది. యాభై ఆరు. గుమాస్తా రూల్సు పుస్తకం తిరగేశాడు. పట్టీ ఎవరి చేతికి కట్టాలో అందులో లేదు. పైడమ్మ మైకులో గొంతు చించుకుని అంతా చెప్పింది. జనం అరుపులకు అధ్యక్షుడు ఎన్నడూ లేచినవాడు కాదు.

కాంట్రాక్టరు కుదిపి లేపాడు. విషయం విని అధ్యక్షుడు మైకు అందుకుని కుదరదని అరవబోయాడు. పట్టీ నూట ముప్పై చూపింది. మైకు ఆగిపోయింది.

మర్నాడు మూడో తరగతి కమిటీ గదిలో కూర్చుంది.