దూరం కొలిచిన పిల్ల

మిరప కల్లంలోకి వచ్చిన ఆవిడ ఘాటుకు దగ్గుతూనే, అర్ఫా వాళ్లమ్మ మీరేనా అని అడిగింది.

తాలుకాయలు ఏరుతున్న మాబూబీ చేతులు దులుపుకుని లేచింది. సెలవు కావడంతో కూతురు ఆ రోజు ఊళ్లోనే ఉంది. బస్తాల నీడన కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది.

వచ్చినావిడకు నలభై ఏళ్లుంటాయి. పేరు జాస్మిన్ అనీ, దర్శిలో ఓ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాననీ చెప్పింది. మంచినీళ్లు తాగి, నేరుగా విషయంలోకి దిగింది.

“ఆ బ్రౌన్ డ్వార్ఫ్ దూరం కొలిచింది నువ్వే కదమ్మా?”

అర్ఫా గతుక్కుమంది. “మీకెవరు చెప్పారండీ?”

“ఎవరూ చెప్పలేదు. మొన్న ఒంగోలు సదస్సులో మీ వీరబాబు సారు ఆ దూరం గురించి మాట్లాడారు కదా. ఎవరు ప్రశ్న అడిగినా ముందు నీ వైపు చూశారు.”

బ్రౌన్ డ్వార్ఫ్ అంటే నక్షత్రం కాబోయి, లోపల మంట సరిగా అంటుకోక, నివురుగప్పిన కుంపటిలా మిగిలిపోయిన గోళం. అలాంటిదాన్ని ఒకదాన్ని కనిపెట్టిన మనిషిగానే వీరబాబుకు దేశమంతా పేరు. అది ఎంత దూరాన ఉందో, ఎటు కదిలిపోతోందో మాత్రం అప్పటిదాకా ఎవరూ తేల్చలేదు.

ఆ పని ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అర్ఫా నెత్తికెత్తుకుంది.

బస్సులో పోతుంటే పక్కనున్న పత్తిచేలు వెనక్కి పరుగెడతాయి. దూరాన కోటప్పకొండ మాత్రం కదలనట్టే ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి చుక్క కూడా అలాగే దూరపు చుక్కల మధ్య అటూ ఇటూ జరిగినట్టు కనబడుతుంది. ఎంత జరిగిందో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. అయితే ఆ జరగడం వెంట్రుకవాసి కూడా ఉండదు. టెలిస్కోపు ఏళ్ల తరబడి తీసిన ఫోటోలు ముందేసుకుని, కళ్లు మండేదాకా కొలిచింది అర్ఫా. సరిపోకపోతే మళ్లీ మొదటి నుంచీ కొలిచింది.

ఆ కొలతలను వీరబాబు తనవిగా చెప్పుకోబోతున్నాడని యూనివర్సిటీకి ఫిర్యాదు చేశానంది జాస్మిన్. విచారణకు పిలిచినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబితే చాలంది.

“ఆయన పేరుతో పరిశోధన పేపరు అచ్చయ్యాక నువ్వెంత మొత్తుకున్నా ఎవరూ వినరమ్మా.”

“మా సారు అలాంటివారు కాదండీ.” అర్ఫా గొంతులో కోపం దాగలేదు.

మాబూబీ కూడా కూతురి వైపే మాట్లాడింది. ఆయన తమ ఇంటికొచ్చి చాప మీద కూర్చుని అన్నం తిని వెళ్లిన మనిషి, ఎవరో వచ్చి ఏదో చెబితే నమ్మేస్తామా అంది. జాస్మిన్ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఆవిడ కల్లం దాటకముందే అర్ఫా సారుకు ఫోన్ చేసింది.

వీరబాబు నవ్వాడు. ఆవిడకు తానంటే కడుపుమంటనీ, మన ఫలితం కాజేయడానికే ఈ ఎత్తు వేసిందనీ అన్నాడు. విచారణ సాగితే పేపరు ఆగిపోతుందని భయపెట్టాడు. కొలిచింది సారేనని ఒక్క మాట చెబితే గొడవ అక్కడితో తెగిపోతుందన్నాడు.

“నా పేరు పక్కన నీ పేరు ఉంటుంది. నువ్వు నా కూతురు లాంటిదానివమ్మా.”

ఆ మాట పట్టుకునే అర్ఫా విచారణకు వెళ్లింది.

బల్లకు అవతల జాస్మిన్ కూర్చుని ఉంది. కొలతలు ఎవరివని పెద్దలు అడిగారు. అర్ఫా తల దించుకుంది.

“సారువేనండి. నేను ఫోటోలు సర్దిపెట్టానంతే.”

అంతలో అర్ఫాకు దగ్గు తెర వచ్చింది. జాస్మిన్ తన ముందున్న మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపి, లేచి బయటికి నడిచింది.

వానాకాలంలో పేపరు అచ్చయింది. దాని మీద వీరబాబు పేరుంది. ఆయన అల్లుడి పేరుంది. అర్ఫా పైనుంచి కిందిదాకా వెతికింది. సాయం చేసినవాళ్లలో కూడా తను లేదు.

పరుగున ఆయన గదికి వెళ్లింది. ఫోన్‌లో ఆ పేపరు చూపించింది. వీరబాబు టీ తాగుతూ నెమ్మదిగా చెప్పాడు.

“విచారణలో నువ్వే చెప్పావు కదమ్మా, కొలిచింది నేనని.”

ఉన్నదంతా ఆయన లాక్కుపోయినా అర్ఫాకు ఇంత బాధ ఉండేది కాదు. తన నోటితోనే తనది కాదనిపించి మరీ పట్టుకుపోయాడు. ఇంటికొచ్చి చెబితే, మాబూబీ ఆయన కూర్చున్న చాప చుట్టి చూరులో దోపేసింది.

మర్నాడే అర్ఫా దర్శి బస్సెక్కింది.

కాలేజీలో జాస్మిన్ లేదు. తప్పుడు ఫిర్యాదు పెట్టిన మనిషి మాకొద్దని యాజమాన్యం ఎప్పుడో మాన్పించిందట. ఇల్లు వెతుక్కుంటూ పోతే ఆమె తండ్రి జోసఫ్ తలుపు తీశాడు. కూతురు ఒడిశాలో ఏదో మిషను బడికి వెళ్లిపోయిందనీ, ఇక ఈ వైపు రానందనీ చెప్పాడు.

అర్ఫా తన పేరు చెప్పింది. పెద్దాయన తిట్టలేదు. కుర్చీ చూపించి, ఎదురుగా కూర్చున్నాడు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. ముక్కూ మొహం తెలియని తన కోసం ఆవిడ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుందని అడిగింది.

“మా అమ్మాయి కూడా ఆ సారు దగ్గరే పరిశోధన చేసిందమ్మా,” అన్నాడు జోసఫ్. “ఆ చుక్కను మొట్టమొదట కనిపెట్టింది మా అమ్మాయే.”

అర్ఫా కళ్లు తుడుచుకుంది. మరి ఆ మాట విచారణలో ఎందుకు చెప్పలేదని, వినీ వినపడకుండా అడిగింది.

“చెప్పమని నేనూ బతిమాలాను. నా పాత గొడవ ఎత్తితే, దూరం కొలిచిన పిల్ల పేరు పక్కకు పోతుంది నాన్నా అంది.”