గత్తర వార్త

“‘నల్లా నీళ్లతో భయం లేదు: డాక్టర్’,” అని పేపర్లో వార్తను పైకి చదివి సామ్యేల్ సారు ఆగిపోయాడు.

రెండో షిఫ్టుకు పోయే కార్మికులు హోటల్ బెంచీల మీద చాయ్ తాగుతూ వింటున్నారు. గోదావరిఖనిలో ఆ ఎండాకాలం గత్తర, అంటే కలరా, సోకింది. వాంతులు, విరేచనాలతో వచ్చేవాళ్లకు దవాఖానలో మంచాలు చాలక నేల మీదే పడుకోబెడుతున్నారు.

“ఆగిన్రేంది సార్? చదువుండ్రి,” అన్నాడు సదయ్య.

“ఏం చదవాలె? విలేకరిని దవాఖానకు తీస్కపోయింది నేనే. నల్లా పైపుల మోరినీళ్లు కలుస్తున్నయ్, పరీక్షల గత్తర పురుగు దొరికింది, కాగవెట్టి తాగితే నీళ్లతోని భయం లేదు అన్నడు డాక్టరు. ముందటి మాటలన్ని కోసేసి చివరి ముక్కొక్కటే అచ్చేసిన్రు.”

“మరి గత్తర ఎందుకొచ్చిందట?”

“మనం కల్లు తాగి ఎండుచేపలు తినవట్టి వచ్చిందట.”

సామ్యేల్‌ పేపరును బల్ల మీదికి విసిరికొట్టాడు.

మూలన ఒక్కడే కూర్చున్న ఆగయ్య లేచి వచ్చాడు. పక్క బస్తీ మనిషి. పేపరు అందుకుని మధ్యలో ఉన్న ఫొటోను వేలితో తడిమాడు. నల్లా కింద దోసిలి పట్టి నీళ్లు తాగుతూ ఒకామె నవ్వుతోంది.

“మా పోశవ్వ సార్, నా పెండ్లాం. మొఖం మంచిగ వడ్డది.”

“ఆమెను నిలవెట్టి తాగిపిచ్చిన్రా?”

“అవు సార్. ఫొటో సరిగ్గ రాలేదని మళ్ల మళ్ల తాగమన్నడు విలేకరి. తాగింది.”

ఊరు ఊరంతా మంచాన పడితే ఇతనికి పెండ్లాం పేపర్లో పడ్డదన్న సంబరం. విలేకరి మీది రోత ఆగయ్య మీదికి మళ్లింది.

“సిగ్గుండాలె ఆగయ్యా. గీ ఫొటో చూసి ఎంతమంది పచ్చినీళ్లు తాగుతరో ఎరికేనా? చింపి పొయ్యిలెయ్యి.”

“వద్దు సార్. గీ బొమ్మ కోసి నాకియ్యుండ్రి.”

“ఏం జేస్తవ్? గోడకు పెట్టుకుంటవా?”

“పెట్టుకుంట. ఇంట్ల ఆమెది ఇంకో ఫొటో లేదు.” ఆగయ్య పేపరును ఛాతీకి ఆనించుకున్నాడు.

“దండెయ్యాలె సార్.”