రెండో చీర

హెడ్డు కానిస్టేబులు వీరయ్యకు కాళ్లు పీకుతున్నాయి. తెల్లవారిన దగ్గర్నుంచి నడికుడి దారిలో, గుడ్డల చెక్‌పోస్టు దగ్గర నిలబడే ఉన్నాడు. యుద్ధం ముగిసి ఏడాదైనా గుడ్డకు కంట్రోలు పోలేదు. కూపను లేకుండా కొన్న గుడ్డ ఎవరి ఒంటి మీదున్నా విప్పించి జప్తు చెయ్యాలి. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు. అందులో ఇదీ ఒకటి, ఏం ఖర్మో!

తడిక చాటు నుంచి రాజమ్మ కేకేసింది. ఆడవాళ్లను సోదా చేసేది ఆమే.

“హెడ్డుగారా! ఈ సారమ్మ రెండు చీరలు కట్టింది. పైది కొత్తది, కూపను లేదు.”

“ఇప్పించు.”

లోపల్నుంచి సారమ్మ గొంతు లేచింది.

“అది మా చెల్లెలు ఎస్తేరుకయ్యా! ఇయ్యాల పదకొండింటికి అది కోర్టుకి పోవాల. పోకపోతే వారంటంట. కట్టుకోను గుడ్డ లేక పది రోజులుగా అది మా మేనత్త గుడిసె దాటలా. ఎందుకు లేదంటే...”

“చాల్లే తల్లీ. నిన్న ఒకామె పెళ్లంది, మొన్న ఒకామె చావంది. ఎన్నని ఇనేది?”

“ఒంటి మీద గుడ్డ గుంజే హక్కు మీకెవరిచ్చారయ్యా?”

“ఆడమనిషి చేతే ఇప్పిస్తన్నాం గదా. తడిక కట్టాం. లోపల ఇంకోటి లేనోళ్లకు గోనెపట్టా గూడా ఇస్తన్నాం. ఇంతకన్నా మర్యాద ఏందమ్మా?”

చీర తడిక మీదుగా ఇవతల పడింది. ఇంకా ఒంటి వేడి తగ్గలేదు. వీరయ్య దానికి చీటీ కట్టాడు.

“పంచనామా రాయాల. నేనొచ్చిందాకా కూచో.”

“పోనియ్యండయ్యా! నేను కట్టుకున్నదన్నా దానికిస్తా.”

“మరి నువ్వేం కట్టుకుంటావే?” అంది రాజమ్మ.

సారమ్మ తడిక దాటి దారి మీదికి అడుగేసింది. వీరయ్య కదలనివ్వలేదు. ఆయనకూ కోర్టు వాయిదా ఉంది, సాక్ష్యం చెప్పాలి. ఎవరి కేసో గుర్తు లేదు. నెలకు నలభై కేసులు పట్టేవాడికి పేర్లెక్కడ గుర్తుంటాయి? సైకిలెక్కి పోయాడు.

కోర్టులో బంట్రోతు మూడుసార్లు పిలిచాడు.

“ఎస్తేరూ! ఎస్తేరూ! ఎస్తేరూ!”

ఎవరూ పలకలేదు. మేజిస్ట్రేటు వారంటు రాశారు.

“ఈ జనానికి కోర్టన్నా భయం లేకుండా పోయింది,” అని విసుక్కుంటూ వీరయ్య సాక్ష్యం బల్ల వైపు చూశాడు.

పది రోజుల కిందట అదే తడిక వెనక గోనెపట్టా ఇచ్చి తను విప్పించిన చీర, ఎస్తేరుకున్న ఆ ఒక్క చీర, తన చేతిరాత చీటీతో ఆ బల్ల మీద మడతపెట్టి ఉంది.