పిచ్చుక కార్డు

"లామినేషన్ చేసిన కార్డు చెల్లదండీ, మందం వేలికి తెలిసిపోతుంది," అన్నాడు కార్డుల ఆట పోటీ జడ్జి. "అరవై కార్డులూ లేకపోతే ఫైనల్ ఆడనివ్వం."

చినత్సు అన్న ఇసావో వైపు తిరిగింది. "నీ పనేనా?"

"చిరుగుతుందేమోనని..." ఇసావో ప్లాస్టిక్‌ను గోటితో లాగాడు. దాంతోపాటే కార్డు మీది డ్రాగన్ బొమ్మ సగం ఊడి వచ్చింది.

"చంపేశావు అన్నయ్యా! ఈ 1999తో ఈ కార్డుల కంపెనీ మూసేస్తున్నారు. ఒసాకాలో ఇదే ఆఖరి పోటీ. ఇంకెక్కడ ఆడను?"

ఇసావో రైలు పాసు వెనకనుంచి ఓ కార్డు తీశాడు. "ఇది పనికొస్తుందా?"

పిచ్చుక. ఆటలోకెల్లా బలహీనమైన కార్డు. చినత్సు కొన్న మొదటి ప్యాకెట్లో వస్తే, దండగని ఆమే అతని మీదికి విసిరింది.

"నీకు ఆటే రాదుగా! ఎందుకు దాచావు?"

"నువ్విచ్చావని."

చినత్సు పిచ్చుకను మిగతా వాటికున్నలాంటి తొడుగులోనే పెట్టి, ఆ కార్డుల్లో కలిపింది.

"పక్కనే కూర్చో అన్నయ్యా. నీ పిచ్చుక వచ్చినప్పుడు చెప్తాను."