సరైన ప్లగ్గు

“ఇది కాదు మార్టిన్. నేను తెచ్చిన నంబరే కావాలి,” అంది సీతారావమ్మ, కౌంటరు మీద పెట్టిన కొత్త స్పార్క్ ప్లగ్గును వేలితో వెనక్కి నెడుతూ.

మార్టిన్ ఆవిడ తెచ్చిన పాత ప్లగ్గును వెలుగులో పట్టి మళ్ళీ చూశాడు. మొన నిండా నల్లటి మసి, నూనె జిడ్డు. ప్రతి నెలా ఇదే వరస. ముసునూరు రోడ్డులో మామిడితోట ఉన్న బసవపున్నారావు గారి భార్య ఆవిడ. బస్సెక్కి నూజివీడు వచ్చి, ఆయన పాత బుల్లెట్‌ కోసం ఏరి ఏరి అదే తప్పు ప్లగ్గు పట్టుకెళుతుంది.

“అమ్మగారూ, ఇది జోరుగా పరిగెత్తే బళ్ళకి వేసేదండి. మీదేమో గాలికి చల్లారే పాత ఇంజను. అయ్యగారు తోలేది తోటలో, మెల్లగా. ఆ కాస్త దానికి ఈ ప్లగ్గు సరిగ్గా వేడెక్కదు. మసి పట్టి, గేటు దాటకుండానే బండి ఆగిపోద్ది.”

“ఆగితే ఆగనీ.”

“మరెందుకండీ వేయడం?”

సీతారావమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. “ఆయనకదో కాలక్షేపం. పొద్దున్నే బండి ముందేసుకుని కూర్చుంటారు. ప్లగ్గు విప్పుతారు, తుడుస్తారు, బిగిస్తారు. గేటు దాకా వెళ్ళి, నెట్టుకుంటూ వెనక్కొస్తారు. మళ్ళీ విప్పుతారు. నాకది చాలు.”

అదేం మాటో మార్టిన్‌కి అర్థం కాలేదు. ఆ వయసులో మనిషి అంత బండిని నెట్టుకొస్తుంటే చూస్తూ కూర్చోవడమేంటి? ఆ బుల్లెట్‌ని బతికినంత కాలం చూసుకున్నది మార్టిన్ తండ్రి, మెకానిక్ యోహాను. నూజివీడు మార్కెట్టుకి వచ్చినప్పుడల్లా బసవపున్నారావు గారు బండిని షెడ్డు ముందు ఆపి, టీ తాగి వెళ్ళేవారు. తండ్రి పోయాక మార్టిన్ రిపేర్లు మానేసి స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్నాడు. ఆ బండి ఎలా ఉందోనని ఒక్కసారైనా వెళ్ళి చూసింది లేదు. ఆ ముల్లు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

“పోనీ నేనొచ్చి చూస్తానండి. డబ్బులేం వద్దు.”

“వద్దు,” అందావిడ వెంటనే. “ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఎవరినీ కలవట్లేదు. నువ్వు రావద్దు మార్టిన్.”

అడిగిన ప్లగ్గే చేతిలో పెట్టాడు. దాన్ని సంచిలో వేసుకుని బస్టాండు వైపు వెళుతున్న ఆవిడ వెనకే చూస్తూ, ఈ మనిషికి ఆయన సరదా అంటే బొత్తిగా లెక్కలేదనుకున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఉండబట్టలేకపోయాడు. సరైన ప్లగ్గు ఒకటి జేబులో వేసుకుని ముసునూరు రోడ్డు పట్టాడు.

తోట గేటు దగ్గరే కనిపించారు బసవపున్నారావు గారు. బండిని లోపలికి నెట్టలేక, హ్యాండిల్ మీద వాలిపోయి ఆయాసపడుతున్నారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. మార్టిన్‌ని చూడగానే ముఖం విప్పారింది.

“ఏరా యోహానూ, ఇన్నాళ్ళూ ఏమైపోయావురా?”

మార్టిన్‌కి నాన్న గుర్తొచ్చాడు. తండ్రి పోలికే తనదని అందరూ అంటారు. ఆ పిలుపుని సరిదిద్దబుద్ధి కాలేదు.

“పనుల్లో పడి రాలేకపోయానండి. తప్పు నాదే.”

“చూడరా దీన్ని. గేటు దాటనంటోంది.”

“నేను దాటిస్తాగా.”

చిన్నరసాల మామిడిచెట్టు నీడలోకి బండిని తీసుకెళ్ళి ప్లగ్గు విప్పాడు. తను అమ్మిందే. అప్పుడే నల్లబడిపోయింది. ఇన్నాళ్ళూ ఈ పెద్దాయన చేత తనే బండి నెట్టించినట్టు అనిపించి సిగ్గుపడ్డాడు. కొత్తది ముందు చేత్తో తిప్పి, తర్వాత పానాతో బిగించాడు. రెండో కిక్కుకే ఇంజను అందుకుంది. చిన్నప్పుడు షెడ్డులో విన్న శబ్దమే, ఎక్కడా తడబాటు లేదు.

బసవపున్నారావు గారు ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత కుర్రాడిలా కాలు తిప్పి ఎక్కి కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులు ఏ మాత్రం ఉన్నట్టు లేవు.

“ఇప్పుడే వచ్చేస్తానని సీతకి చెప్పు.”

“నిదానంగా వెళ్ళి రండి.”

బండి గేటు దాటింది. రోడ్డెక్కింది. ఆగలేదు. మార్టిన్ కళ్ళు తుడుచుకున్నాడు. తండ్రి ఉండి ఇది చూసుంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

ఇంట్లోంచి సీతారావమ్మ తడి చేతులతో పరుగున వచ్చింది. శబ్దం గేటు దగ్గర ఆగుతుందని ఎదురుచూస్తున్నట్టు ఒక్క క్షణం చెవి ఒగ్గి నిలబడింది. అది తోటలవతల సన్నబడుతూ పోయింది.

“ఏం వేశావు మార్టిన్?”

“సరైనదే వేశానమ్మా. కోప్పడకండి. ఇక ఎంత దూరం వెళ్ళినా ఆగదు.”

ఆవిడ గేటు పట్టుకుంది. “ఎటు వెళ్ళారు?”

“చూసుకోలేదండి. మీకు చెప్పమన్నారు, ఇప్పుడే వచ్చేస్తారంట. ఎందుకమ్మా అంత కంగారు? ఈ రోడ్లు ఆయనకి కొత్తా?”

ఆవిడ రోడ్డు వైపే చూస్తూ, అంతకాలం ఎవరికీ చెప్పని మాట మెల్లగా చెప్పింది.

“ఆయనకిప్పుడు ఇంటి దారి గుర్తుండట్లేదు మార్టిన్.”