పాటలవాళ్ళ సాక్షి

“రెండో వరుసలో, కిటికీ పక్కన?” అడిగింది లాయరమ్మ.

“వడ్రంగి. ఆయన పక్కన తమ్ముడు. తమ్ముడికి కుడిచెవి వినపడదు. పాట ఎత్తుకునే పెద్దమ్మ ఎడమవైపు ఉండేలా చూసుకుని కూర్చునేవాడు.”

లాయరమ్మ కాగితం మీద గీసుకున్న గడుల్లో ఒక్కొక్కరినీ నింపుకుంటూ పోయింది. మొత్తం నలభై ఒక్క గడులు. ఇరవై ఆరేళ్ళ కిందటి మనుషులు. అయినా పుస్తకాలు కుట్టే ముసలి బైండరు ఎక్కడా తడుముకోలేదు. ఎవరు ఆలస్యంగా వచ్చేవారో, ఎవరు కళ్ళు మూసుకుని పాడేవారో కూడా చెప్పాడు.

“మా నాన్నకు అన్నీ అలా గుర్తుండిపోతాయి,” అంది కూతురు, కాస్త గర్వంగానే.

జనం వాళ్ళని పాటలవాళ్ళు అనేవారు. వాళ్ళకు గుడి లేదు, గురువు లేడు. వారానికొకసారి పాత నూనె గోదాములో చాపలు పరుచుకుని కూర్చునేవారు. పెద్దమ్మ పాట ఎత్తుకునేది, మిగతావాళ్ళు అందుకునేవారు. దేవుడికీ మనిషికీ మధ్య ఎవరూ అక్కర్లేదనేవారు. సర్కారుకు విధేయులమని ప్రమాణం చెయ్యమంటే, ప్రమాణం దేవుడికి తప్ప ఇంకెవరికీ చెయ్యం అన్నారు. గొడవంతా అక్కడే వచ్చింది.

బైండరు మొదటిసారి వెళ్ళినప్పుడు పాటల పుస్తకాల కుట్లు ఊడిపోయి ఉన్నాయి. బాగుచేసి పెడతానన్నాడు. ఆ వంకతో మరుసటి వారం వెళ్ళాడు, ఆ పై వారం కూడా. కొన్నాళ్ళలో అయిపోతుందనుకున్నది ఆరేళ్ళు సాగింది. ఆయన గొంతు విప్పితే గోదామంతా నవ్వులే. నిండు నెలలతో ఉన్న దర్జీ అక్క ఒకసారి, “అన్నయ్యా, నీ రాగానికి కూడా నాలుగు కుట్లు వెయ్యకూడదూ?” అంది. పాట ఆపి మరీ నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ మెత్తటి మైదా జిగురు వాసన ముక్కుకు తగిలినట్టుంటుంది. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ, ఆయన్ని ఎవరూ అంత ఇష్టంగా ఆటపట్టించలేదు.

సర్కారు బలగాలు గోదాములో పాటలవాళ్ళని కాల్చి చంపిన ఉదయం ఆయన ఊళ్ళో లేడు. మధ్యాహ్నం బస్సు దిగి గోదాముకు పరిగెత్తేసరికి చెప్పులు తప్ప మనుషులు లేరు. వెనక గదిలో చుట్టిపెట్టిన చాపల మధ్య దర్జీ అక్క కూతురు దొరికింది. ఐదేళ్ళది. గొంతు పోయేదాకా ఏడ్చి నిద్రపోయి ఉంది. ఆ పిల్లను భుజాన వేసుకుని సరిహద్దు దాటాడు. పెళ్ళీ గిళ్ళీ అనుకోలేదు. ఈ దేశంలో అచ్చాఫీసు వెనక ఒంటిగదిలో పుస్తకాలు కుడుతూ పెంచాడు. కన్నతల్లి ఎవరో, ఎంత బాగా నవ్వేదో దాపరికం లేకుండా చెప్పాడు. ఆమె పాడే పాటలన్నీ తప్పుడు రాగంలోనే అయినా నేర్పాడు.

ఆ పిల్లే పెద్దదై లాయరమ్మను వెతికి పట్టుకుంది. పదకొండేళ్ళు తిరిగి తిరిగి కేసును అంతర్జాతీయ కోర్టు దాకా తెచ్చింది. సాక్ష్యం చెప్పమని తండ్రిని ఎన్నోసార్లు అడిగింది. ప్రతిసారీ ఆయన ఏదో పని కల్పించుకుని లేచిపోయేవాడు. గాయం ఇంకా పచ్చిగా ఉందనుకుని ఆమె బలవంతపెట్టలేదు.

పోయిన నెల లాయరమ్మ ఉన్న మాట చెప్పేసింది. పాటలవాళ్ళే ముందు రాళ్ళు రువ్వారని, కాల్పులు అప్పటికప్పుడు జరిగాయని ఆ ప్రభుత్వం వాదిస్తోంది. ఏళ్ళ ముందునుంచీ వాళ్ళ మీద నిఘా పెట్టి, పథకం ప్రకారం చంపారని చూపించకపోతే కేసు కొట్టేస్తారు. ఆ మాట విన్నాక కూతురు అన్నం ముట్టుకోలేదు. మూడోరోజు బైండరే వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“నేను చెబుతానమ్మా,” అన్నాడు.

ఇప్పుడు గడులన్నీ నిండాయి. లాయరమ్మ కాగితాలు సర్దుకుంటూ, మిగతావి కోర్టులోనే అడుగుతానంది. మరునాడు ఉదయం కోర్టు మెట్ల దగ్గర కూతురు ఆయన కాలరు సరిచేసింది.

“ఏదీ ఆలోచించకు నాన్నా. జరిగింది జరిగినట్టు చెప్పు చాలు.”

“అలాగే చెబుతాను. సాయంత్రం నీకు పనుంటే నాకోసం ఆగకు. నేను బస్సులో వెళ్ళిపోతాను.”

“నిన్నొక్కణ్ణి ఎలా పంపిస్తాననుకున్నావు?” అని నవ్వింది. అచ్చం తల్లి నవ్వే.

లోపల ఐదుగురు న్యాయమూర్తులు ఉన్నారు. అద్దాల గదిలోంచి దుభాషి సిద్ధమేనన్నట్టు చెయ్యెత్తాడు. ఎదురుగా ఆ ప్రభుత్వం తరఫు లాయర్లు తాపీగా కూర్చుని ఉన్నారు. ముసలి బైండరు వల్ల తమకేం నష్టం అన్నట్టుంది వాళ్ళ వాలకం. పేరు అడిగారు, వయసు అడిగారు, వృత్తి అడిగారు. అన్నిటికీ నిదానంగా జవాబు చెప్పాడు. తెల్లజుట్టు పెద్ద న్యాయమూర్తి కాగితాల్లోంచి తలెత్తి, మామూలుగా, సాక్షి బెరుకు పోగొట్టడానికి అడిగినట్టు అడిగింది.

“ఆ గోదాముకు మీరు మొదటిసారి ఎలా వెళ్ళారు?”

ఆయన కూతురి వైపు చూశాడు. ముందు వరుసలో కూర్చున్న ఆమె, చెప్పు నాన్నా అన్నట్టు తలూపింది.

“నన్ను పోలీసు శాఖ పంపింది.”