గడప దగ్గర చంద్రమ్మ

“ఇది నాకొద్దురా,” అంటూ బుచ్చయ్య చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. “మీ అమ్మ నా తలకాయల ఇరికినట్టున్నది. దానికి ఊపిరాడతలేదు.”

కొడుకు హరిప్రసాద్‌కు పాటల పిచ్చి. హెడ్‌ఫోన్ల గురించి అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. పోయిన తల్లి చంద్రమ్మ కలుపు తీస్తూ పాడిన పాట ఫోన్‌లో ఉంటే, దాన్ని తండ్రికి వినిపిస్తున్నాడు.

“అది మూసిన రకం బాపు. పాట నెత్తిలనే మోగుతది. ఇది సూడు, తెరిచిన రకం.” వెనక జల్లెడలా చిల్లులున్న జత తీశాడు. “పాట దూరంకెల్లి వచ్చినట్టుంటది. కాకపోతే విమానం పోతే గా మోత గూడ వస్తది.”

బుచ్చయ్య పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన చూపు తలుపు వైపు తిరిగింది.

“అగో, గడప కాడ కూసున్నది,” అన్నాడు. కళ్ళు నిండాయి. “నాకు గిదే కావాలె.”

అప్పటి నుంచి పొద్దుగూకగానే ముసలాయన వరండాలో ఫోను దుప్పటి కింద పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు. వాళ్ళ ఊరు తొండుపల్లి మీదుగా విమానాలు దిగుతున్నా కదిలేవాడు కాదు.

వంటింట్లో హరిప్రసాద్‌కూ అతని పెళ్ళాం మనీషాకూ మాట్లాడుకునే వీలు చిక్కింది. మహేశ్వరం దగ్గరి చేను ప్లాట్ల వాళ్ళకు అమ్మాలని వాళ్ళ ఆశ. చేను బుచ్చయ్య పేరున ఉంది. చంద్రమ్మ సమాధి ఆ చేలోనే ఉంది గనుక ఆయన ఆ మాటే ఎత్తనివ్వడు.

“రేపు దవాఖానకని కారెక్కిద్దాం,” మనీషా గుసగుసలాడింది. “నడుమ రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ ఏలిముద్ర ఏయిస్తే అయిపాయె.”

“జర మెల్లగ.”

“మామ పాటల మునిగిండు. పిడుగు పడ్డా ఇనబడదు.”

మర్నాడు కారు తలుపు తీస్తే బుచ్చయ్య ఎక్కలేదు.

“మీ అమ్మ ఎక్కొద్దన్నది. దవాఖాన పేరు జెప్పి ఏలిముద్ర ఏయిస్తరంట గద?”

మనీషా కారు తలుపు మూసేసింది. హరిప్రసాద్ తండ్రి ఫోను అడిగి తీసుకుని, మూసిన హెడ్‌ఫోన్లతో ఆ పాట మళ్ళీ మళ్ళీ విన్నాడు. కలుపు పాట తప్ప ఒక్క మాట లేదు. రెండు చేతులతో ఫోను తండ్రికి తిరిగి ఇచ్చేశాడు.

సాయంత్రం వంటింట్లో గొంతులు ఇంకా తగ్గాయి.

“సమాధి లేకుంటే మామకు చేను కోసం పాణం కొట్టుకోదు,” అంది మనీషా. “తెల్వకుంట తవ్విపిద్దాం.”

హరిప్రసాద్ జవాబు చెప్పేలోపే వరండాలోంచి బుచ్చయ్య గొంతు వినిపించింది. గడప వైపు చూస్తూ ఎవరినో ఊరడిస్తున్నాడు.

“ఏడ్వకే చంద్రమ్మా. పోరడు నిన్ను ఆడకెల్లి లేపడు. నేనున్న గద.”

మనీషా చేతిలోని గిన్నె జారిపడింది. హరిప్రసాద్ పరుగున వచ్చి తండ్రి కాళ్ళు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“చేను జోలికి పోను బాపు. అమ్మకు జెప్పు, ఏడ్వొద్దని జెప్పు.”

“జెప్త. లోపలికి పో.”

హరిప్రసాద్ గడప మీద కాలు పడకుండా ఒదిగి లోపలికి పోయాడు. మనీషా అటువైపు రావడానికే జంకింది.

బుచ్చయ్య ఖాళీ గడప వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దుప్పటి తీసి మడిచాడు.

ఫోనుకు పెట్టాల్సిన వైరు కొస, ఎప్పటిలాగే, ఆయన రొంటిన దోపి ఉంది.